ఏడో నంబరు చేను

రాజీనామా ఉత్తరం రాయడానికి ఓబులేసుకి పది నిమిషాలు కూడా పట్టలేదు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మాత్రం తొమ్మిది రోజులు తిరిగాడు. మే నెల చెమటకి కాగితం మెత్తబడి, మడతల దగ్గర చిరిగేలా తయారైంది. పదో రోజు పొద్దున, ఇక మోయలేక, ఆఫీసు జీపు తీసుకుని కదిరిలో ఉన్న తన గురువు ఇంటికి వెళ్ళాడు.

గురువంటే గడ్డమూ కమండలమూ ఊహించుకోకండి. ఖైరున్నీసా మేడం వ్యవసాయ కాలేజీలో ముప్పై మూడేళ్ళు మట్టి గురించి పాఠం చెప్పి రిటైరైన మనిషి. డెబ్బై ఆరేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఓబులేసు వెళ్ళేసరికి వసారాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని, చింతపండులో గింజలు తీస్తున్నారు.

“మేడం, నేను మానేస్తున్నాను,” అన్నాడు గుమ్మం దగ్గరే నిలబడి.

“చెప్పులిడిచి లోపలికి రా. మానేసేవాళ్ళు నిలబడే మానెయ్యాలని లేదు కదా.”

లోపలికొచ్చి కింద కూర్చున్నాడు. ఆవిడే లేచి, గోడ పట్టుకుని నడిచి, కుండలో నీళ్ళు ముంచి తెచ్చిచ్చారు. తాగాక జేబులోంచి ఉత్తరం తీసి చేతికిచ్చాడు. ఆవిడ చదివారు. వెనక కూడా ఏమైనా ఉందేమోనని తిప్పి చూశారు. మళ్ళీ అతని చేతికే ఇచ్చేశారు.

“ఎందుకు?”

“అలసిపోయాను మేడం.”

“అది అందరికీ ఉండేదే. కారణం చెప్పు.”

చెప్పడానికి ఓబులేసుకి చాలాసేపు పట్టింది. అతను చెప్పినంత పొడుగ్గా నేను చెప్పను. బాధలో ఉన్న మనిషి ఒకే మాటని నాలుగుసార్లు చెబుతాడు.

ఓబులేసు వాళ్ళది తాడిపత్రి వైపు బండలు కోసే కుటుంబం. ఇంట్లో అందరూ రాయితో బతికితే వీడొక్కడు మట్టి చదువుకి వచ్చాడు. ఖైరున్నీసా మేడం దగ్గర చదివిన బ్యాచ్‌లో కొందరు బ్యాంకుల్లో చేరారు, కొందరు ఎరువుల కంపెనీల్లో చేరి కార్లు కొన్నారు. ఇతను రెండు గదుల మట్టి కేంద్రంలో చేరాడు. పగలు రైతుల చేలల్లో మట్టి తవ్వి పరీక్ష చెయ్యడం, శనివారాలు చుట్టుపక్కల బళ్ళకి పోయి పిల్లలకి పాఠం చెప్పడం. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇదే పని.

అతని పాఠం చిన్నది. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోస్తాడు. గడ్డి మొలిచిన గట్టు మీది మట్టిగడ్డ ఒకదాన్లో, ఏటేటా దున్ని ఎండకి వదిలేసిన చేలోని మట్టిగడ్డ ఇంకోదాన్లో వేస్తాడు. మొదటిది అట్లాగే నిలబడుతుంది. రెండోది చూస్తూండగానే కరిగి బురదైపోతుంది. పిల్లలు నోళ్ళు తెరుస్తారు. పదకొండు బళ్ళలో, ఇన్నేళ్ళలో, ఆ రెండు గ్లాసులూ ఎన్నిసార్లు నింపాడో అతనికే తెలీదు. పోయిన ఏడాది బెంగళూరులో ఒక ట్యాక్సీ ఎక్కితే, నడిపేవాడు అద్దంలో చూసి, “సార్, మీరు గ్లాసుల సారు కదా!” అన్నాడు. పాఠం మొత్తం అప్పజెప్పాడు కూడా. తర్వాత మాటల్లో, వాళ్ళ చేను అమ్మేశారనీ, అందులో ఇప్పుడు ప్లాట్లకి రాళ్ళు పాతారనీ చెప్పాడు. ఓబులేసుకి ఆ రోజు రాత్రి అన్నం సహించలేదు.

అయినా మానెయ్యలేదు. ఎందుకంటే ఏడో నంబరు చేను ఉంది.

మట్టిలో ఎంత సత్తువ మిగిలిందో చెప్పే అంకె ఒకటుంది. సేంద్రియ కర్బనం అంటారు. ఆకూ అలమూ, పేడా, వేళ్ళూ కుళ్ళి మట్టిలో కలిసిపోగా మిగిలేది అది. అనంతపురం ఎర్రనేలల్లో అది మూడోవంతు శాతం ఉంటేనే గొప్ప. తొమ్మిదేళ్ళ కింద ఓబులేసు పన్నెండుమంది రైతుల్ని ఎంచుకుని, కోత అయ్యాక మిగిలే కొయ్యకాళ్ళు కాల్చొద్దు, చేను బోడిగా ఎండకి వదలొద్దు, వేరుశనగ ఒక్కటే కాకుండా కందీ జొన్నా కలిపి వెయ్యండి అని చెప్పి, ప్రతి ఎండాకాలం వాళ్ళ చేలల్లో మట్టి తీసి పరీక్ష చేస్తున్నాడు. పదకొండు చేలల్లో అంకె ఉన్నచోటే ఉంది. ఒక్క ఏడో నంబరు చేను, గుట్టకిందపల్లె చౌడప్పది, కదిలింది. మొదట 0.31. రెండేళ్ళు కదల్లేదు. మూడో ఏడు 0.38. తర్వాత 0.45. అలా ఎక్కుతూ ఎక్కుతూ పోయిన ఎండాకాలానికి 0.72.

ఆ నేలలో ఆ అంకె ఒక అద్భుతం. ఓబులేసు దాన్ని పెద్ద గీతగా గీసి ప్రతి మీటింగులో చూపించాడు. ఆ గీత చూసే, మట్టి కేంద్రానికి డబ్బిచ్చే స్కీముని రెండుసార్లు పొడిగించారు. నగరాల నించి మనుషులొచ్చి చౌడప్పతో ఫోటోలు దిగిపోయారు. ఈ సోమవారం ఇచ్చే రిపోర్టుని బట్టి ఇంకో అయిదేళ్ళు ఇస్తారా, మూసేస్తారా అన్నది తేలుతుంది. మూసేస్తే శనివారం పాఠాలూ పోతాయి, పదకొండు బళ్ళూ పోతాయి.

పన్నెండు రోజుల కింద ఓబులేసు ఈ ఏటి మట్టి తియ్యడానికి ఏడో నంబరు చేనుకి వెళ్ళాడు. పార తీస్తూంటే చౌడప్ప తుండుగుడ్డ నలుపుకుంటూ వచ్చి అడ్డం నిలబడ్డాడు.

“ఈసారికి ఇప్పుడే తవ్వద్దండి సార్. ఒక నెల తాళి రాండి.”

“ఏమి చౌడప్పా?”

“గొర్రెలోళ్ళు ఇంకా దిగల్యా సార్. మంద పడలేదు ఈడ.”

ఓబులేసుకి మొదట అర్థం కాలేదు. ఆ సీమలో ఎండాకాలం గొర్రెల మందని చేలో పడుకోబెట్టించడం అందరికీ తెలిసిన పద్ధతే. కాపర్లకి సంగటి పెట్టి, గింజలిచ్చి, రెండు మూడు రాత్రులు మంద నిలిపించుకుంటారు. పేడా ఉచ్చా పడి నేల బలుస్తుంది. అయితే దానికీ దీనికీ ఏమిటని అడిగాడు. చౌడప్ప అమాయకంగా మొత్తం చెప్పేశాడు.

“మొదటి రెండేండ్లు నంబరు తక్కువొచ్చె కదా సార్. మా ఆడది సంగటి చేసి, ఊరుబిండి నూరి పెట్న్యా, మీరు తినకుండా పోతిరి. మొగం ఇంత చేసుకుని పోతిరి. మాకు శానా బాధాయ. అందుకని ఆ మర్సటేడు నుంచి, మీరొచ్చే ముందు, మీరు తవ్వే మూలకి మంద పెట్టిస్తాండా.”

ఓబులేసు ఏమీ అనకుండా జీపెక్కాడు. రెండు రోజులు ఆగి మళ్ళీ వెళ్ళి, చౌడప్ప ఊళ్ళో లేని పూట చూసి, చేలో ఇంకోచోట మట్టి తీసి పరీక్ష చేశాడు. 0.34. ఇరవై ఒక్క ఏళ్ళలో తన దగ్గరున్న ఒకే ఒక్క రుజువు, మూడు రాత్రుల గొర్రెల మంద అని తేలింది. అదే రోజు రాజీనామా రాశాడు.

“ఏడేళ్ళు నన్ను మోసం చేశాడు మేడం,” అన్నాడు ఓబులేసు. “వాడి ఇంట్లో మనిషిలా తిరిగాను. సోమవారం నేను ఏ అంకె రాసివ్వాలి? 0.72 రాస్తే అబద్ధం. 0.34 రాస్తే, ఇన్నేళ్ళూ నేను గాడిదలు కాశానని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు. ఏదీ రాయను. వెళ్ళిపోతాను. బండల పనైనా చేసుకుంటాను.”

ఖైరున్నీసా మేడం చింతగింజ ఒకటి తీసి గిన్నెలో వేశారు.

“ఆ నేలలో 0.72 వస్తే నీకు అనుమానం రాలేదా?”

“వచ్చింది.”

“మరి?”

ఓబులేసు తల దించుకున్నాడు. “సంతోషం ముందొచ్చింది మేడం.”

“ఊఁ. ఎన్ని చోట్ల తవ్వేవాడివి?”

ఈ ప్రశ్న వెనక ఒక సంగతుంది. ఆవిడ దగ్గర చదివిన ఎవర్ని నిద్రలేపి అడిగినా చెబుతారు. చేలో మట్టి తియ్యాలంటే పాము పోయినట్టు వంకరటింకరగా చేనంతా నడవాలి. కనీసం పదిహేను చోట్ల తవ్వాలి. చెట్టు కింద తియ్యకూడదు, గట్టు పక్కన తియ్యకూడదు, దారి దగ్గర తియ్యకూడదు. పదిహేను చోట్ల మట్టినీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారబోసి, మిగిలింది మళ్ళీ కలిపి, అరకిలో మిగిలేదాకా అట్లా చెయ్యాలి. ఈ నియమం తప్పినందుకు ఆవిడ కాలేజీలో ఒక కుర్రాడి ఏడాది పనంతా చెత్తబుట్టలో వేశారు.

“గుర్తు పెట్టుకున్నచోట తీసేవాణ్ణి మేడం,” అన్నాడు ఓబులేసు. “ఏటేటా ఒకేచోట తీస్తే పోల్చడానికి వీలుగా ఉంటుందని.”

ఆవిడ చేట పక్కన పెట్టి, చేతులకంటిన పులుపుని కొంగుకి తుడుచుకున్నారు.

“రేపు పొద్దున్నే జీపు తీసుకురా. నేనూ వస్తా.”

“ఎక్కడికి మేడం? ఈ ఎండలో మీ మోకాళ్ళతో...”

“మోకాళ్ళు నావి కదా,” అన్నారు.

మర్నాడు ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. గుట్టకిందపల్లెకి రెండు గంటల దారి. దారిపొడుగునా దున్నని చేలు. కొన్ని చేలల్లో సోలారు పలకలు, కొన్ని చేలల్లో ప్లాట్ల రాళ్ళు, చాలా వాటిల్లో ఏమీ లేదు. మేడం కిటికీలోంచి అన్నీ చూస్తూ కూర్చున్నారు. ఒకప్పుడు కాలేజీ బస్సులో ఇదే దారిన తమని తీసుకొచ్చి, ప్రతి మలుపులో ఆపి, మట్టి రంగు చూపించేవారని ఓబులేసుకి గుర్తుంది. ఇప్పుడు ఎక్కడా ఆపమనలేదు.

“మేడం, మీకెప్పుడూ విసుగు పుట్టలేదా?” అని అడిగాడు.

“పుట్టింది.”

“అప్పుడేం చేశారు?”

“పడుకున్నా. పొద్దున లేచి కాలేజీకి పోయినా.”

ఇంకేదో వస్తుందని అతను ఎదురుచూశాడు. ఇంత దూరం తిరిగి అడిగినందుకు కాస్త పెద్ద జవాబు దొరుకుతుందని అనుకున్నాడు. జీపు ఒక గుంతలో పడి లేచింది. మేడం కొంగు ముఖం మీదికి లాక్కుని, తల సీటుకి ఆనించి, నిజంగానే నిద్రపోయారు.

చేను దగ్గర జీపు ఆగేసరికి చౌడప్పా, అతని భార్య అంజినమ్మా గట్టు మీదే ఉన్నారు. సారు మాట్లాడకుండా పోయినప్పట్నించి చౌడప్ప సరిగ్గా నిద్రపోలేదని అతని కళ్ళే చెబుతున్నాయి. జీపులోంచి తెల్లజుట్టు పెద్దావిడ దిగడం చూసి, ఎవరో ఆఫీసరమ్మ తనని నిలదియ్యడానికి వచ్చిందని బెదిరిపోయాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“నేను ఈయన పంతులమ్మని,” అన్నారు మేడం.

“తప్పు నాదే తల్లీ. సారు మంచోడు. ఆయన్నేమీ అనద్దండి.”

“తప్పుల సంగతి తర్వాత చూద్దాం. సారు ఎక్కడ తవ్వుతాడో చూపించు.”

చౌడప్ప ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు. ముందు నడిచాడు.

“జీపు ఈ కానగచెట్టు కింద నిలుపుతాడు తల్లీ. దిగి నీళ్ళ బాటిలు ఈ మొదట్లో పెడతాడు. ఆణ్ణించి ఇట్ల పదహైదు అడుగులు.” అడుగులు లెక్కబెట్టుకుంటూ వెళ్ళి ఒక గుండ్రాయి పక్కన ఆగి, కాలితో నేల తట్టాడు. “ఈడ.”

“అటు దిక్కు తిరిగి తవ్వుతాడు, ఎండ కండ్లల్లో పడకుండా,” అని అంజినమ్మ అందుకుంది. “మొదాట్లో చేనంతా తిరుగుతాండె తల్లీ. నడుమునొప్పి పట్టుకున్న్యాంక ఇంతే. పాపం సారుకి గూడా వయసైపాయ అనుకుంటిమి మేము.”

ఓబులేసు వయసు నలభై ఆరు. ఆ మాట విని కానగచెట్టు వైపు చూశాడు. ఏటేటా ఒకేచోట తీస్తే పోల్చడానికి వీలుగా ఉంటుందని తను రిపోర్టులో రాసిన వాక్యం గుర్తొచ్చింది. ఆ చెట్టుకి మంచి నీడ ఉంది.

మేడం వంగలేక వంగి, గుండ్రాయి పక్కన గుప్పెడు మట్టి తీశారు. చేనంతా ఎర్రగా, పెళుసుగా ఉంటే అక్కడ మాత్రం నల్లగా, పట్టుకుంటే ఉండ కట్టేలా ఉంది. వాసన చూశారు.

“మంచి మట్టి చేశావు చౌడప్పా.”

చౌడప్ప తిట్లకి సిద్ధపడి వచ్చాడు గానీ దీనికి సిద్ధంగా లేడు. “ఏటికి మూడు రాత్రులు పెట్టిస్తా తల్లీ మందని,” అన్నాడు మెల్లిగా. “పేడ మీద ఇంత మన్ను గూడా కప్పుతా. ఎండకి సత్తువ పోతాదని సారే చెప్పింటాడు.”

“మరి మిగిలిన చేనుకి?”

చౌడప్ప ఆవిడ వైపూ, ఓబులేసు వైపూ వింతగా చూశాడు. ఇందులో అడగడానికేముందన్నట్టు.

“ఆడికి సారు రాడు కదా తల్లీ.”

అతని గొంతులో వెక్కిరింపు లేదు. ఉంటే ఓబులేసుకి కాస్త సులువుగా ఉండేది. తొమ్మిది రోజులుగా మోసం, మోసం అని తలుచుకుంటూ పడుకున్నవాడు, తలుచుకుంటూ లేచినవాడు. ఇప్పుడు ఆ మాట పెట్టుకోవడానికి ఎక్కడా చోటు కనిపించలేదు. సిగ్గేసింది. చౌడప్ప కళ్ళలోకి చూడలేక జీపు దగ్గరకి పోయి పారా బక్కెటా దించాడు. వాటిని దించడానికి ఎంతసేపు పడుతుందో అంతకి మూడింతలు అక్కడే ఉన్నాడు.

తిరిగొచ్చేసరికి మేడం ఆ పార తన చేతికిమ్మన్నారు. దాన్ని కర్రలా పట్టుకుని, ఎదురు మూలకి నడవడం మొదలుపెట్టారు.

నాలుగెకరాల చేను. వయసులో ఉన్నవాళ్ళకి అయిదు నిమిషాల నడక. ఆవిడకి అరగంట పట్టింది. నాలుగుసార్లు ఆగారు. ఓబులేసు పట్టుకోబోతే చెయ్యి విదిలించారు. చౌడప్ప వెనకాలే నడుస్తూ, “ఆడేమీ లేదు తల్లీ, అంతా గరుసు, చెట్టు గూడా లేదు,” అని చెబుతూనే ఉన్నాడు. నిజమే. ఆ మూలలో గులకరాళ్ళు తప్ప ఏమీ లేవు. కలుపు కూడా మొలవడం మానుకుంది.

మేడం అక్కడ ఆగి, నేల మీద కూర్చుంటానన్నారు. ఆ మోకాళ్ళతో ఆవిడ నేల మీద కూర్చుని ఆరేళ్ళైంది. ఒక పక్క ఓబులేసు, ఒక పక్క అంజినమ్మ పట్టుకుంటే, పళ్ళు బిగించి కూర్చున్నారు. ఊపిరి తీసుకున్నారు.

“చౌడప్పా, నీళ్ళు.”

చౌడప్ప పరుగెత్తాడు. నీళ్ళచెంబుతో పాటు గోనెపట్ట కూడా తెచ్చి, ఆవిణ్ణి కాస్త జరగమని పరిచాడు. అంజినమ్మ ఇంటికి పోయి గొడుగూ, మజ్జిగా తెచ్చింది. గొడుగు నిలబడకపోతే చౌడప్ప రాళ్ళు ఏరి దాని మొదట్లో పేర్చాడు. పేరుస్తూ పేరుస్తూ చుట్టూ ఉన్న గులకరాళ్ళు కూడా ఏరి గట్టు మీదికి విసిరాడు. అంజినమ్మ కాళ్ళకి గుచ్చుకుంటాయని చిన్నరాళ్ళని చేత్తో ఊడ్చింది. కాసేపటికి ఆ మూల మనుషులు మసిలే చోటులా తయారైంది. ఎవరూ వాళ్ళకి చెయ్యమని చెప్పలేదు.

మేడం మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, ఓబులేసు వైపు చూశారు.

ఓబులేసు వంగి ఆవిడ పక్కనున్న పార తీసుకున్నాడు.

అక్కడే మొదటి గుంత తవ్వాడు. జానెడు లోతు. పక్క నుంచి పలుచగా ఒక చెక్క కోసి బక్కెట్లో వేసుకున్నాడు. తవ్విన మట్టి మళ్ళీ గుంతలో వేసి కాలితో తొక్కాడు. అక్కణ్ణించి వంకర తిరిగి ఇంకోచోటుకి, అక్కణ్ణించి మళ్ళీ వంకర తిరిగి మరోచోటుకి నడిచాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. నడుము ఆరోచోటే పట్టేసింది. పదో గుంత దగ్గర కూర్చుండిపోయాడు. చౌడప్ప వచ్చి బక్కెట అందుకోబోతే ఇవ్వలేదు. లేచి మళ్ళీ నడిచాడు. కానగచెట్టు నీడ పక్కనించే పోయాడు గానీ ఆగలేదు.

పదిహేను చోట్లూ అయ్యాక గొడుగు దగ్గరికొచ్చి శుభ్రమైన గుడ్డ పరిచి మట్టి కుమ్మరించాడు. కలిపాడు. అరచేత్తో అడ్డంగా నిలువుగా గీత గీసి నాలుగు భాగాలు చేశాడు. రెండు ఉంచి, రెండు చేలో చల్లాడు. మళ్ళీ కలిపాడు, మళ్ళీ గీశాడు. ఇది చేసి ఎన్నేళ్ళైందో చేతులకి గుర్తుండే ఉంటుంది. మేడం చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఒకసారి, “గడ్డలు చిదుపు,” అన్నారు, కాలేజీలో అన్నట్టే.

సంచిలో మట్టి నింపి మూతి కట్టాక, అతను తన భుజం సంచిలోంచి పాత నోటుబుక్కు తీశాడు. ఏడో నంబరు చేను పేజీ తెరిచాడు. ఏళ్ళ వారీగా అంకెలు. 0.38 నించి 0.72 దాకా ఉన్న ఏడు అంకెలనీ కలిపి ఒక గీత కొట్టాడు. కింద రాశాడు: “చెట్టు దగ్గర, దారి పక్కన, ఒకే మూల నుంచి తీసినవి. పద్ధతి తప్పింది నాది. ఈ అంకెలు చెల్లవు.” సంతకం పెట్టి తేదీ వేశాడు.

చౌడప్ప మెడ చాచి చూశాడు. అతనికి చదువు రాకపోయినా గీత అర్థమైంది.

“కొట్టేసినారే సార్.”

“ఊఁ.”

“ఇప్పుడు తీసింది ఎంతొస్తాది?”

“తక్కువే వస్తుంది చౌడప్పా. మొదట్లో ఎంతో, దానికి ఇంచుమించు అంతే.”

“అది పంపిస్తే మీ పనికేమన్నా అవుతాదా సార్?”

“పోయినా పోవచ్చు.”

చౌడప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. అంజినమ్మ గొడుగు రాళ్ళు సర్దుతూ అటు తిరిగింది. మేడం తన మోకాలు తనే నొక్కుకుంటున్నారు. లేపమని ఇంకా అడగలేదు.

చివరికి చౌడప్పే అడిగాడు, ఎక్కడ కోపమొస్తుందోనని భయపడుతూ.

“మళ్ళేడు యాడ తవ్వుతారు సార్? ఈ మూలనా, ఆ మూలనా?”

ఓబులేసు బక్కెట బోర్లించి, అంటుకున్న మట్టిని చేత్తో తట్టి చేలోకి రాల్చాడు.

“చెప్పను,” అన్నాడు.

చౌడప్ప తల తిప్పి నాలుగెకరాలూ ఒకసారి చూశాడు.